వీసా స్టాంప్ గడువు అయిపోయినా ప్యూర్టో రికో వెళ్ళొచ్చా? అమెరికా దీవుల్లో ఏ కాగితం ఎక్కడ అడుగుతారు

ప్యూర్టో రికో వెళ్ళడానికి పాస్‌పోర్ట్ కావాలా అని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: అక్కర్లేదు, అది అమెరికానే, డ్రైవింగ్ లైసెన్స్ చాలు. జవాబు తప్పు కాదు, కానీ అది అమెరికా పౌరుల కోసం చెప్పిన జవాబు. హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళు, ఎఫ్-1 వీసా మీద చదువుకునే పిల్లలు, బీ-2 విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మానాన్నలు అదే మాట నమ్మి టికెట్లు బుక్ చేసుకుంటే, ఒక దీవిలో ఏ ఇబ్బందీ రాదు, ఇంకో దీవిలో కౌంటర్ దగ్గర కాసేపు టెన్షన్ పడాల్సి వస్తుంది, మరో దీవి నుంచైతే అసలు తిరిగి రావడమే కష్టం కావచ్చు.

ఈ ప్రశ్న ఈమధ్య ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. 2025 సెప్టెంబర్ నుంచి డ్రాప్‌బాక్స్ సౌకర్యం, అంటే ఇంటర్వ్యూ లేకుండానే వీసా స్టాంప్ వేయించుకునే వీలు, చాలామందికి లేకుండా పోయింది. అదే నెలలో, సొంత దేశంలో గానీ నివాసం ఉంటున్న దేశంలో గానీ మాత్రమే స్టాంపింగ్‌కి అప్లై చేసుకోవాలన్నారు, అంటే మెక్సికోకో ఇంకో దగ్గరి దేశానికో వెళ్ళి స్టాంపింగ్ చేయించుకొచ్చే దారి కూడా దాదాపు మూసుకుపోయింది. స్టేటస్ సవ్యంగానే ఉంది, ఉద్యోగం ఉంది, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ మాత్రం ఎప్పుడో ముగిసిపోయింది. ఇలాంటివాళ్ళు అమెరికా దాటకుండా ఎక్కడికి వెళ్ళొచ్చో అని వెతుక్కుంటారు. మొదట హవాయి. అది రాష్ట్రమే కాబట్టి పేచీ లేదు. ఆ తర్వాత చూపు పడేది కరేబియన్‌లో ఉన్న ప్యూర్టో రికో, అమెరికా వర్జిన్ ఐలండ్స్, పసిఫిక్‌లో ఉన్న గువామ్ మీద.

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, అమెరికా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నదానికి అమెరికా చట్టంలోనే ఒక్క జవాబు లేదు. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీకి ఒక లెక్క, ఇమిగ్రేషన్‌కి ఒక లెక్క, కస్టమ్స్‌కి ఒక లెక్క, పళ్ళూ మొక్కలూ తనిఖీ చేసే వ్యవసాయ శాఖకి ఇంకో లెక్క. ఒకే విమానం ఒక లెక్కలో దేశం లోపలే తిరుగుతుంది, ఇంకో లెక్కలో సరిహద్దు దాటుతుంది. కాబట్టి "పాస్‌పోర్ట్ కావాలా" అని కాదు, "ఈ దారిలో నన్ను ఎవరు ఆపుతారు, వాళ్ళు నా దగ్గర ఏం చూస్తారు" అని అడగాలి.

ఈ గందరగోళం ఈనాటిది కాదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం గెలిచాక ప్యూర్టో రికో, గువామ్ అమెరికా చేతికి వచ్చాయి. 1900లో సమోవా పెద్దలు ఇప్పటి అమెరికన్ సమోవాలోని తుతుయిలా దీవిని అప్పగించారు. వర్జిన్ ఐలండ్స్‌ని 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి కొన్నారు. దీవులైతే వచ్చాయి గానీ అక్కడి మనుషులు ఎవరు, సరుకు ఎవరిది అన్నది తేలలేదు. ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్ నుంచి న్యూయార్క్‌కి వచ్చిన నారింజ పళ్ళ మీద సుంకం కట్టించుకుంటే వ్యాపారి కోర్టుకెక్కాడు. 1901లో సుప్రీం కోర్టు ఆ సుంకం చెల్లుతుందంది, ప్యూర్టో రికో అమెరికాకి చెందినదే గానీ అన్ని విషయాల్లోనూ అమెరికాలో భాగం కాదని. మరుసటి ఏడాదే ఇసబెల్ గొన్సాలెస్ అనే ప్యూర్టో రికో యువతి న్యూయార్క్‌లో దిగితే వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో ఆపేశారు, పరదేశి కింద లెక్కగట్టి. ఆమె పోరాడితే 1904లో అదే సుప్రీం కోర్టు ఆమె పరదేశి కాదంది, కానీ పౌరురాలు అని మాత్రం అనలేదు. ప్యూర్టో రికో వాళ్ళకి పౌరసత్వం 1917లో గానీ రాలేదు. సరుకుకి ఒక గీత, మనిషికి ఒక గీత అన్న పద్ధతి అప్పుడే పాతుకుపోయింది. నూట ఇరవై ఏళ్ళ తర్వాత వర్జిన్ ఐలండ్స్‌లోని సెయింట్ థామస్ ఎయిర్‌పోర్ట్‌లో లైన్లో నిలబడేవాళ్ళు చూసేది దాని కొనసాగింపే.

ముందు సెక్యూరిటీ సంగతి చూద్దాం, ఇది తేలిక. 2025 మే 7 నుంచి దేశీయ విమానాలకి కూడా రియల్ ఐడీ, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలకి తగ్గ గుర్తింపు కార్డు ఉండాలన్న నిబంధన, అమల్లోకి వచ్చింది. నక్షత్రం గుర్తు ఉన్న లైసెన్స్ అయితే సరిపోతుంది. అది లేకపోతే భారత పాస్‌పోర్ట్ చూపించినా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చూసే టీఎస్ఏ ఒప్పుకుంటుంది, గ్రీన్ కార్డు, ఈఏడీ (పని అనుమతి) కార్డు కూడా చెల్లుతాయి. ఏదీ లేకుండా వెళ్ళేవాళ్ళ దగ్గర 2026 ఫిబ్రవరి నుంచి 45 డాలర్లు తీసుకుని వేరే విధంగా గుర్తింపు తేల్చుకుంటున్నారు. 18 ఏళ్ళ లోపు పిల్లలకి దేశీయ ప్రయాణంలో టీఎస్ఏ ఐడీ అడగదు. హెచ్-1బీ వాళ్ళ లైసెన్స్ గడువు సాధారణంగా ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువుతో పాటే ముగుస్తుంది కాబట్టి, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్న నెలల్లో లైసెన్స్ గడువు కూడా అయిపోవచ్చు. అప్పుడు ఆదుకునేది పాస్‌పోర్టే.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది తెలుగువాళ్ళకి బాగా తగిలే విషయం. పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, పేరంతా ఒకే గడిలో ఉండటం మామూలే. అలాంటివాళ్ళకి అమెరికా వీసాలో మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. లైసెన్స్ మీద ఒక వరస, పాస్‌పోర్ట్ మీద ఇంకో వరస ఉంటే, టికెట్ ఏ వరసలో ఉండాలన్న అనుమానం వస్తుంది. సెక్యూరిటీ దగ్గర ఏ కార్డు చూపించబోతున్నారో దాని మీద పేరు ఎలా ఉందో టికెట్ మీదా అలాగే ఉండాలి. దీవుల ప్రయాణంలో ఆ కార్డు పాస్‌పోర్ట్ అయితేనే మంచిది, కారణం కింద వస్తుంది.

ఇక ఇమిగ్రేషన్. ఇక్కడ చాలామంది కలిపేసుకునే రెండు విషయాలు విడదీయాలి. వీసా స్టాంప్ అమెరికా తలుపు దగ్గర చూపించేది, బయటి దేశం నుంచి వచ్చి లోపలికి రానివ్వమని అడగడానికి. లోపలికి వచ్చాక ఎన్నాళ్ళు, ఏ హోదాలో ఉండొచ్చన్నది చెప్పేది ఐ-94. అది అమెరికాలో దిగినప్పుడు ఆన్‌లైన్‌లో నమోదయ్యేది కావచ్చు, ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయినప్పుడు ఐ-797 అనే అప్రూవల్ కాగితం అడుగున వచ్చేది కావచ్చు. ఎఫ్-1 మీద వచ్చి ఇక్కడే హెచ్-1బీకి మారిన కుర్రాళ్ళలో చాలామంది పాస్‌పోర్ట్‌లో హెచ్-1బీ స్టాంపే ఉండదు, పాత స్టూడెంట్ వీసా తప్ప. అయినా వాళ్ళు చట్టబద్ధంగానే ఉన్నట్టు. మరి ఆ పాస్‌పోర్ట్‌తో దీవికి వెళ్ళి వస్తే?

1952 నాటి ఇమిగ్రేషన్ చట్టం "యునైటెడ్ స్టేట్స్" అంటే ఏమిటో రాసిపెట్టింది. రాష్ట్రాలతో పాటు ప్యూర్టో రికో, గువామ్, వర్జిన్ ఐలండ్స్ అందులో ఉన్నాయి. గువామ్‌కి దగ్గర్లోని ఉత్తర మరియానా దీవుల్ని 2009 నవంబర్ 28 నుంచి చేర్చారు. అంటే న్యూజెర్సీ నుంచి సాన్ హువాన్ వెళ్ళినా, సెయింట్ థామస్ వెళ్ళినా, గువామ్ వెళ్ళినా ఇమిగ్రేషన్ దృష్టిలో అమెరికా దాటినట్టు కాదు. పెండింగ్‌లో ఉన్న అప్లికేషన్లకి ఏమీ కాదు, ఐ-94 ముగియదు, మళ్ళీ కొత్తది రాదు.

అయితే అదే చట్టంలో ఇంకో నిబంధన కూడా ఉంది. ఈ నాలుగు చోట్ల నుంచి మెయిన్‌ల్యాండ్‌కి వచ్చే విదేశీయుల్ని అధికారులు తనిఖీ చేయవచ్చు, నేర చరిత్ర, భద్రత లాంటి కారణాలు ఉంటే ఆపవచ్చు కూడా. కానీ వీసా కాగితాలకి సంబంధించిన ఏడో పేరాని మాత్రం ఆ నిబంధనే మినహాయించింది. స్టాంప్ గడువు ముగిసినా ప్యూర్టో రికో వెళ్ళి రావచ్చని చెప్పే మాటకి అసలు ఆధారం ఈ మినహాయింపు. దీన్ని స్పష్టంగా చెప్పేవాళ్ళు చాలా తక్కువ. "ఫర్వాలేదు, నా ఫ్రెండ్ వెళ్ళొచ్చాడు" అన్న మాట మీద కుటుంబాలు బయల్దేరుతున్నాయి, లేదంటే అదే భయంతో పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్ళకుండా ఏళ్ళు గడిపేస్తున్నాయి. రెండూ అన్యాయమే. విమాన కంపెనీలూ పర్యాటక శాఖలూ పౌరులకి చెప్పినట్టే వీసా మీద ఉన్నవాళ్ళకీ రెండు వాక్యాలు రాసిపెడితే ఈ అవస్థ ఉండదు.

మినహాయింపు ఉంది కదా అని పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి వెళ్ళకూడదు. తనిఖీ చేసే అధికారికి మీరు ఏ హోదాలో ఉన్నారో చూపించే బాధ్యత మీదే. పైగా 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాన్ని, అంటే ఐ-94 గానీ గ్రీన్ కార్డు గానీ ఈఏడీ గానీ, ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టంలో ఎప్పటినుంచో ఉంది. దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 2025 నుంచి గట్టిగా అంటున్నారు. కాబట్టి అసలు పాస్‌పోర్ట్, ఐ-94 ప్రింట్, హెచ్-1బీ అయితే ఐ-797, విద్యార్థులైతే కాలేజీ ఇచ్చే ఐ-20, ఓపీటీలో (చదువు అయ్యాక పనిచేసే అనుమతి) ఉంటే ఈఏడీ కార్డు. ఇవి ఏ దీవికైనా చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు.

ప్యూర్టో రికో వీటన్నిటిలో సులువు. కస్టమ్స్ లెక్కలో కూడా అది మెయిన్‌ల్యాండ్‌తో కలిసే ఉంది. సాన్ హువాన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మామూలుగా ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు. ఉండేది వ్యవసాయ శాఖ తనిఖీ, సామాను వాళ్ళ స్కానర్ గుండా వెళ్ళాకే చెక్-ఇన్. తాజా పళ్ళు, మొక్కలు ఉంటే అక్కడ ఆపుతారు.

వర్జిన్ ఐలండ్స్ అలా కాదు, ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగరు, మయామి నుంచి ఏ ఊరికో వెళ్ళినట్టే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు సెయింట్ థామస్‌లో గానీ సెయింట్ క్రోయ్‌లో గానీ విమానం ఎక్కకముందే సీబీపీ (కస్టమ్స్, సరిహద్దు తనిఖీ శాఖ) అధికారుల ముందు నిలబడాలి. ఈ దీవులు ఇమిగ్రేషన్ లెక్కలో లోపల, కస్టమ్స్ లెక్కలో బయట. కొన్న వస్తువులకి 1,600 డాలర్ల దాకా సుంకం లేదు, చాలా విదేశాల నుంచి వస్తే అది 800 మాత్రమే. నగలు, వాచీలు కొనడానికి జనం వెళ్ళేది అందుకే. ఆ కౌంటర్ దగ్గరే మీ పౌరసత్వం ఏమిటని అడుగుతారు. అమెరికా పౌరులకి పాస్‌పోర్ట్ తప్పనిసరి కాదు, జనన ధ్రువపత్రం, ఫోటో ఐడీ ఉన్నా చాలు. మన ఇళ్ళలో చాలా చోట్ల ఉండే పరిస్థితి ఏమిటంటే తల్లిదండ్రుల్లో ఒకరు హెచ్-1బీ, ఇంకొకరు దాని మీద ఆధారపడిన హెచ్-4, పిల్లలు ఇక్కడ పుట్టిన పౌరులు. పిల్లలకి టీఎస్ఏ ఏమీ అడగదు కదా అని ఏమీ తీసుకెళ్ళకపోతే ఇక్కడ ఇబ్బంది, వాళ్ళకీ పాస్‌పోర్టో జనన ధ్రువపత్రమో ఉండాలి. పెద్దవాళ్ళ దగ్గర పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-797 చూస్తారు. ఉత్త లైసెన్స్ చూపించి హెచ్-1బీ అని నోటితో చెబితే, మీ వివరాలు కంప్యూటర్‌లో తేలేదాకా పక్కన కూర్చోబెట్టవచ్చు, ఈలోపు విమానం వెళ్ళిపోవచ్చు.

ఇక్కడే ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. సెయింట్ జాన్ దీవి ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించే కొండలు బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్‌వి. ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో టోర్టోలాలో దిగుతారు, పడవ టూర్లు కూడా ఆ దీవుల మీదుగా తిప్పి తీసుకొస్తాయి. పేరు దాదాపు ఒకటే, డాలర్లే చెల్లుతాయి, సముద్రం ఒకటే. కానీ అది పరాయి దేశపు నేల. అక్కడ అడుగు పెట్టి వస్తే బయటి నుంచి అమెరికాకి వచ్చినట్టే, ఇందాకటి మినహాయింపు ఇక పనిచేయదు, గడువున్న వీసా అడుగుతారు. గడువు ముగిసిన వీసాతో కూడా రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సౌకర్యం ఉంది గదా అనుకుంటారు. అది 30 రోజులు మించని ప్రయాణానికి, చెల్లే ఐ-94 ఉన్నవాళ్ళకి, ఆ ప్రయాణంలో కొత్త వీసాకి అప్లై చేయనివాళ్ళకి. హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళకి అది కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. ఎఫ్-1, జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వాళ్ళకి మాత్రం క్యూబా తప్ప మిగతా కరేబియన్ పొరుగు దీవులకి కూడా వర్తిస్తుంది, బ్రిటిష్ దీవులు అందులో ఉన్నాయి. అంటే ఒకే పడవలో వెళ్ళిన అక్కాతమ్ముళ్ళలో స్టూడెంట్ వీసా ముగిసిన తమ్ముడు ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఉంటే తిరిగి రాగలడు, హెచ్-1బీ స్టాంప్ ముగిసిన అక్కని ఆపేస్తారు. ఇది ముందే తెలిసి ఉండటం చాలా అవసరం.

క్రూజ్‌లకీ ఇదే సూత్రం. "ప్యూర్టో రికో, సెయింట్ థామస్ క్రూజ్" అని ప్రకటన ఉంటుంది, కానీ ఓడ దారిలో సెయింట్ మార్టెన్ దగ్గరో బహామాస్ దగ్గరో ఆగుతుంది. ఓడ విదేశీ రేవులో ఆగితే మీరు ఒడ్డుకి దిగినా, క్యాబిన్‌లోనే పడుకున్నా విదేశం నుంచి వస్తున్న ఓడలో ఉన్నట్టే. పౌరులకి చెప్పే "జనన ధ్రువపత్రం చాలు" అన్న మాట వీసా మీద ఉన్నవాళ్ళకి సంబంధం లేనిది. దీవి పేరు చూసి కాదు, ఓడ ఆగే ప్రతి రేవూ చూసి నిర్ణయించుకోవాలి.

గువామ్ వెళ్ళే తెలుగువాళ్ళు తక్కువే, అయినా దారి విషయంలో ఇంత జాగ్రత్త కావాల్సిన దీవి ఇంకోటి లేదు. హవాయి రాజధాని హోనొలులు నుంచి ఆరువేల కిలోమీటర్లకి పైనే. నేరుగా వెళ్ళే యునైటెడ్ విమానం ఎక్కితే దేశం లోపలి ప్రయాణం, తిరుగు ప్రయాణంలో సీబీపీ తనిఖీ ఉంటుంది, పాస్‌పోర్ట్ చూస్తారు. అదే కంపెనీకి హోనొలులు నుంచి గువామ్‌కి ఇంకో విమానం ఉంది, ఐలండ్ హాపర్ అంటారు. అది మార్షల్ దీవుల్లోని మజురో దగ్గర, మైక్రోనేషియాలోని పోన్‌పే, చూక్ లాంటి చోట్ల ఆగుతూ వెళ్తుంది. అవి వేరే దేశాలు. మెయిన్‌ల్యాండ్ నుంచి టోక్యో మీదుగానో సియోల్ మీదుగానో చౌకగా టికెట్ దొరికినా అంతే, గువామ్‌లో దిగేటప్పుడు విదేశం నుంచి వచ్చినవాళ్ళ లైన్లో ఉంటారు, స్టాంప్ లేకపోతే అక్కడే ఆగిపోతారు. తనిఖీ నిబంధనల్లో "మధ్యలో ఏ విదేశీ రేవునీ తాకకుండా నేరుగా" అన్న షరతు ఉన్నది ఇందుకే. టికెట్ సైట్లు దూరం, ధర చూపిస్తాయి గానీ ఈ సంగతి చెప్పవు. సైపాన్ ఉన్న ఉత్తర మరియానా దీవులకీ దాదాపు ఇదే పద్ధతి, కాకపోతే గువామ్‌కి వచ్చేటప్పుడు కూడా తనిఖీ ఉంటుంది.

మిగిలింది అమెరికన్ సమోవా. పేరులోనే అమెరికన్ ఉంది, అమెరికా జెండా ఎగురుతుంది, హోనొలులు నుంచి అక్కడి పాగో పాగోకి హవాయియన్ ఎయిర్‌లైన్స్ విమానం వెళ్తుంది. కానీ ఇమిగ్రేషన్ చట్టం రాసిన "యునైటెడ్ స్టేట్స్"లో ఇది లేదు. లోపలికి ఎవర్ని రానివ్వాలో అక్కడి ప్రభుత్వమే చూసుకుంటుంది. అమెరికా పౌరులు సైతం పాస్‌పోర్టో, జనన ధ్రువపత్రంతో ఫోటో ఐడీనో చూపించాలి, విదేశీయులైతే ముందే అనుమతి తెచ్చుకోవాలి. అక్కడికి వెళ్ళిన హెచ్-1బీ ఉద్యోగి అమెరికా దాటినట్టే. హోనొలులులో దిగినప్పుడు కొత్తగా ప్రవేశం అడుగుతున్నట్టే లెక్క, చెల్లే స్టాంప్ ఉండాలి, గ్రీన్ కార్డు వాళ్ళయితే కార్డు చేతిలో ఉండాలి. హెచ్-4 నుంచి ఎఫ్-1కి మారడానికి అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్ళు ఇలా దాటితే ఆ అప్లికేషన్ వదులుకున్నట్టు అవుతుంది. రీవాలిడేషన్ ఇక్కడ ఆదుకోదు, అది కెనడా, మెక్సికో, కరేబియన్ వైపు దీవులకే. పుట్టుకతో ఆ దీవివాళ్ళయినవారి సంగతే చూస్తే, వాళ్ళు అమెరికా జాతీయులు గానీ పౌరులు కాదని వాళ్ళ పాస్‌పోర్ట్‌లోనే అచ్చేసి ఉంటుంది. పౌరసత్వం కావాలని యూటాలో ఉంటున్న సమోవా వాళ్ళు కొందరు వేసిన కేసుని 2022లో సుప్రీం కోర్టు విచారణకి తీసుకోలేదు. కాబట్టి పాగో పాగో టికెట్ కొనే ముందు, టోక్యోకో లండన్‌కో వెళ్ళేటప్పుడు ఏమేం చూసుకుంటారో అవన్నీ చూసుకోవాలి: స్టాంప్ గడువు, పెండింగ్‌లో ఉన్న అప్లికేషన్లు, వాటి గురించి అటార్నీ చెప్పిన మాట.